మూడు నిమిషాల మాట

ఒళ్ళు మండిపోయి రాస్తున్నాను.

మా మేనకోడలు సంధ్య బరంపురంలో మా ఇంట్లో ఉండి కాలేజీకి వెళ్తోంది. దాని నాన్న, అంటే మా తమ్ముడు, రామయ్యపట్నంలో సముద్రం మీద వేటకెళ్తాడు. రాయడం రాదు కాబట్టి వాట్సాప్‌లో మాట రికార్డు చేసి పంపుతాడు. నిన్న మూడు నిమిషాల మెసేజ్ పంపాడు. ఈ పిల్ల దాన్ని రెండింతల వేగంతో పెట్టి, సగంలో ఆపేసి, బొటనవేలి బొమ్మ పంపేసింది.

వినని సగంలో ఉన్నదేమిటంటే, సంధ్య వాళ్ళమ్మకి కుడికన్ను మసకబారిందని, చూపించడానికి ఈ రోజు వస్తున్నామని, ఆసుపత్రి దారి తెలియదు కాబట్టి తొమ్మిదింటికి బస్టాండుకి రమ్మని.

ఇద్దరూ పన్నెండు దాకా ఎండలో నిలబడ్డారు. ఫోన్ చేస్తే ఇది క్లాసులో ఉంది, ఎత్తలేదు. చివరికి నాకు చేశాడు. నేను పరుగెత్తి వాళ్ళని తీసుకెళ్ళేసరికి ఆసుపత్రిలో చీటీలు ఇవ్వడం ఆపేశారు. ఇద్దరినీ మా ఇంటికే తీసుకొచ్చాను.

సాయంత్రం అది ఇంటికి రాగానే నిలదీశాను.

"మూడు నిమిషాలు ఎవులు ఇంటారత్తా? నాన్న ముందు గాలి, వాన, వలలు అన్నీ సెప్తాడు" అంది, రోజూ గంటసేపు రీల్స్ చూసే మహాతల్లి.

నేను నోరు తెరిచేలోపే తమ్ముడు అడిగాడు. "ఎన్ని నిమిషాల్లో సెప్పాలమ్మా? ఈసారి అంతలోనే సెప్పేస్తాను."

వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. అది తల దించుకుని ఏడ్చింది. నాకు జాలి కలగలేదు.

రేపు వాళ్ళమ్మని అదే తీసుకెళ్తుంది, ఫోన్ నా బీరువాలో ఉంటుంది. మీ పిల్లలు మీ మాట ఎంత వేగంతో వింటున్నారో అడిగారా ఎప్పుడైనా?