మల్లేశ్ గొంగడి, బొగ్గుల డబ్బా

జనవరిలో ఒక శుక్రవారం పొద్దున ఆరున్నరకు, గల్ఫ్‌లో నేను పనిచేసే అల్ వక్రాలో బస్సెక్కాను. ఒళ్లో గొంగడి మూట, చేసంచిలో టార్చ్, జ్వరం మాత్రలు, బిస్కెట్లు, ఉన్ని మేజోళ్లు. అన్నీ నా బామ్మర్ది మల్లేశ్‌కే. అతను షహానియా అవతల ఎడారిలో గొర్రెలు కాస్తాడు. వాళ్ల పక్క దొడ్డిలో ఇద్దరు మూసిన గదిలో బొగ్గులు రాజేసుకొని పడుకొని, ఊపిరాడక మళ్లీ లేవలేదని వారం కింద తెలిసింది. అప్పటినుంచి నాకు అన్నం సయించలేదు.

పోయిన నెల సెలవుకు ఊరెళ్లినప్పుడు ఈ గొంగడి తేవడానికి మా అత్తతో పెద్ద పోరాటమే అయింది. చలికి ఆగలేకపోతున్నానని మల్లేశ్ ఫోన్‌లో చెప్పినా ఆమె నమ్మలేదు. "దుబాయ్‌ల చలేంది బిడ్డా? ఆడంత ఉడుకేనాయె. గా జాగల తొక్కు పట్కపో" అంది. ఆమెకు గల్ఫంతా దుబాయే. మల్లేశ్ మొదటిసారి వచ్చేటప్పుడు సంచిలోంచి ఇదే గొంగడి తీసేసి తొక్కు పచ్చడి డబ్బా కుక్కింది కూడా ఆమే. మా దిక్కు గల్ఫ్ ప్రయాణానికి స్వెట్టర్ సర్దిన ఇల్లు నేనింతవరకు చూడలేదు.

ముషైరిబ్‌లో పరోటా తిని, చాయ్ తాగి, ఎనిమిదింటికి షహానియా వెళ్లే రెండో బస్సు పట్టుకున్నాను. ఊరు దాటేదాకా కిటికీ నిండా క్రేన్లే. పక్క సీట్లో రాజమండ్రి ఎలక్ట్రీషియన్ ఒకాయన మూట వంక చూసి నవ్వాడు.

"కంబళాండీ? మాకు చలేస్తే ఏసీ ఆపుకుంటామండి."

"క్యాంపుల గట్లనే ఉంటదన్నా. ఎడారిల గాలినెవ్వడాపుతడు?" అన్నాను.

షహానియా నుంచి నీళ్ల ట్యాంకర్‌లో వెళ్లాను. డ్రైవర్ పఠాన్, మల్లేశ్‌కు తెలిసినవాడు, కిరాయి వద్దన్నాడు. మల్లేశ్‌ది రేకుల గది. గొంగడి చూడగానే ముఖానికి అదుముకున్నాడు. "ఇంటి వాసనున్నది బావ" అన్నాడు. తర్వాత దాన్ని కప్పుకోకుండా తలుపుకు అడ్డంగా మేకులు కొట్టి వేలాడదీశాడు. కిటికీని అంతకుముందే సిమెంటు సంచులతో మూసి ఉంచాడు. గది మధ్యలో పాలపొడి డబ్బా, దాన్నిండా బొగ్గులు.

"ఇగ సూది మొనంత గాలి సుత రాదు" అన్నాడు సంబరంగా.

నేను తెచ్చిన గొంగడే ఆ గదికున్న ఆఖరి సందు మూసేసింది. సంచులు పీకేశాను, నిప్పు బయటే పెట్టుకొమ్మని బతిమాలాను. సరేనన్నాడు. ఇద్దరం పప్పన్నం తిన్నాం.

నాలుగున్నరకు ట్యాంకర్ వచ్చింది. ఉత్తరపు గాలికి ఇసుక ముఖాన కొడుతోంది. ఎక్కి వెనక్కి చూస్తే కిటికీకి సంచులు మళ్లీ ఉన్నాయి. దిగి పరుగెత్తాను. లోపల బొగ్గులు రాజుకుంటున్నాయి.

"చేతులు కొంకర్లు పోతున్నయ్ బావ. జరసేపే."

బొగ్గులు ఇసుకలో గుమ్మరించి, గొంగడి పీకి అతని భుజాల చుట్టూ కప్పి, డబ్బా పట్టుకొని బయటికొచ్చాను. అతను అడ్డుపడలేదు.

"ఇంకో డబ్బ దొరకదా బావ?" అన్నాడంతే.

"యల్లా" అని తొందరపెడుతూ డ్రైవర్ హారన్ కొట్టాడు.

ఎడారిలో మనవాళ్లుంటే చలికాలంలో ఒకసారి వెళ్లి చూసి రండి. గొంగడి తీసుకెళ్లండి, కానీ ఇచ్చేసి ఊరుకోకండి, దాన్ని ఎక్కడ కడతారో చూడండి. తిరుగు దారిలో షహానియా దాకా డబ్బా అడుగున బూడిద వేడి ఒడికి తగులుతూనే ఉంది. ముషైరిబ్‌లో దిగేసరికి చల్లారిపోయింది. మల్లేశ్ గది కూడా ఈపాటికి చల్లబడి ఉంటుంది. మళ్లీ బొగ్గులు రాజెయ్యకుండా అలాగే ఉండాలని దేవుడికి మొక్కుకున్నాను.