సంచులత్తయ్య, ఒంటిచెవి కుక్క

మా సంచులత్తయ్యకి ఉన్నది ఒకటే జబ్బు. చర్చి వెనక ఆవిడ ఏలే గదిలోంచి మనిషన్నవాణ్ణి ఎవణ్ణీ ఖాళీ చేతులతో బయటికి పోనివ్వదు. తీసుకోవడానికి వచ్చినవాడికీ సంచే, ఇవ్వడానికి వచ్చినవాడికీ సంచే. దారి అడగడానికి తొంగిచూసినవాడికి దారితోపాటు సంచి.

ఆ గది చర్చివాళ్ళ సాయం గది. పెద్దాఫీసునుంచి నెలనెలా పిండి బస్తాలు, నూనె డబ్బాలు వస్తాయి. వీధిలోవాళ్ళు తమకి అక్కర్లేని పాత సామాను తెచ్చి గది గుమ్మం దగ్గరున్న పెద్ద డబ్బాలో పడేస్తారు. లేనివాళ్ళకి పంచడం అత్తయ్య పని. ఆవిడ మాత్రం ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ కలిపి పంచేస్తుంది. సంచులన్నీ ఒకేలా ఉంటాయి. చర్చి హాలుకి ఒకప్పుడు వేలాడిన గోధుమరంగు తెరని కోసి తనే కుట్టింది. మూతికి మూడు ముళ్ళు. ఇంటికెళ్ళాకే విప్పాలి. లోపల ఏముందో పక్కింటివాళ్ళకి చెప్పకూడదు.

ఒకసారి ఆవిడ మోకాలు వాచిందని డాక్టరుగారు చూడ్డానికొచ్చారు.

"ఫీజు వద్దమ్మా," అన్నారు లేస్తూ.

"ఫీజెవరిస్తున్నారు? సంచి పట్టుకోండి."

"నాకెందుకమ్మా?"

"అయితే కూర్చోండి. తలుపు తియ్యను."

డాక్టరుగారు సంచి పట్టుకుని వెళ్ళారు. మరోసారి స్టవ్ మీద పాలు మాడి పొగలొస్తే ఎవరో ఫైరింజన్ పిలిచారు. ఆరుగురు వచ్చారు. ఒక చేత్తో గొట్టం, ఇంకో చేత్తో సంచి పట్టుకుని ఆరుగురూ బండెక్కడం నేను కళ్ళారా చూశాను.

ఇది చాలదన్నట్టు ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ముందు తలుపులోంచి ఎవరూ పోవడానికి లేదు. గడియ తుప్పు పట్టిందట. అత్తయ్య చెప్పింది, అందరం నమ్మాం. పన్నెండేళ్ళుగా లోపలికి పక్క తలుపు, బయటికి అత్తయ్య గది. హెడ్మాస్టరు, బేకరీ ఆయన, లాండ్రీ అక్క, పాస్టరుగారు, అందరూ వరసగా సంచులు మోసుకుంటూ వీధిలోకి వస్తుంటే, ఊరంతా ఇల్లు ఖాళీ చేసి పోతున్నట్టుండేది.

ఇక ఆ కుక్క సంగతి. అది ప్లాస్టర్ కుక్క. ఒక చెవి లేదు. హెడ్మాస్టరుగారి భార్య దాన్ని ఎలాగో వదిలించుకుందామని డబ్బాలో వేసింది. ఆ వారమే అది సంచిలో బేకరీ ఆయన ఇంటికి పోయింది. ఆయన దాన్ని వార్తాపత్రికలో చుట్టి మళ్ళీ డబ్బాలో పడేశాడు. అక్కణ్ణించి డాక్టరుగారింటికి, మంగలి షాపుకి, మళ్ళీ డబ్బాకి. ఎవరింటి కిటికీలోనైనా ఓ వారం కనబడేది, తరవాత మాయమైపోయేది. మా ఇంటికి రెండుసార్లు వచ్చింది. రెండోసారి వచ్చినప్పుడు మా అమ్మ దాన్ని చూసి, "వచ్చావా తల్లీ," అంది.

కుక్క రానప్పుడు మూతలు వచ్చేవి. గిన్నెల్లేని మూతలు. మా ఇంట్లో మొత్తం పద్నాలుగు మూతలు పోగయ్యాయి.

తరవాత ఎందుకో అత్తయ్యకి కాస్త బుద్ధి వచ్చింది. కిందటేడు చివర్నుంచి మా సంచిలో మూతలు ఆగిపోయి పిండి రావడం మొదలైంది. పిండి, చిక్కుడు గింజలు, నూనె, పాలపొడి, సబ్బులు. ఒక వారం తొమ్మిదో నంబరు బూట్లు, దాదాపు కొత్తవి. సరిగ్గా నాన్న కాళ్ళకి సరిపోయాయి.

నాన్న బస్సుల షెడ్డులో మెకానిక్కు. అప్పటికి కొద్ది రోజుల క్రితమే షెడ్డు మూతపడింది. రోజంతా ఇంట్లో కూర్చుని తన పనిముట్ల డబ్బాలోని మరలన్నీ బల్లమీద పోసి, సైజువారీగా ఏరి, సాయంత్రానికి మళ్ళీ కలిపేసేవాడు. సంచులత్తయ్య ఆయనకి పినతండ్రి కూతురు. "దాని గది ముందు చెయ్యి చాపే రోజొస్తే ఈ చెయ్యి నరుక్కుంటాను," అనేవాడు. ఆ చేత్తోనే రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంటూ, "దానికి పిచ్చి. డాక్టరుకి పిండెందుకే, చెప్పు? హెడ్మాస్టరుకి పాలపొడెందుకు? అందరికిచ్చినట్టు మనకీ పడేస్తోంది. ఇంకో రొట్టె వెయ్యి," అనేవాడు.

నాకు ఒళ్ళు మండిపోయేది. నేను మధ్యాహ్నం దాకా ప్రెస్సులో కాగితాలు మడిచి, ఆ తరవాత లైబ్రరీలో అట్టలూడిన పుస్తకాలు చదివేవాణ్ణి. దానం ఎలా చెయ్యాలి, ఎవరికి చెయ్యాలి అని లావుపాటి పుస్తకం ఒకటి దొరికింది. అందులో అత్తయ్య చేసే ప్రతి పనీ తప్పుల జాబితాలో ఉంది. అడుగుదామని వెళ్ళాను.

"అత్తయ్యా, లాండ్రీ అక్కకీ ఒకటే సంచి, డాక్టరుగారికీ ఒకటే సంచి. ఇదేం న్యాయం?"

"ఒకేలా కుట్టానురా. నీకేమైనా వంకర కనబడిందా?"

"కుట్టు గురించి కాదు! అవసరం ఉన్నవాళ్ళెవరో, లేనివాళ్ళెవరో చూసుకోవద్దా?"

"చూడ్డానికి నువ్వున్నావుగా పండితా. సంచి పట్టుకుని నడు."

మోసుకొచ్చాను. ఆ వారం మూడు కిలోల పిండి. ఆ కోపంలోనే పెద్దాఫీసుకి ఉత్తరం రాశాను. 'అయ్యా, తమరు పేదలకని పంపే సరుకు ఇక్కడ ఏ లోటూ లేని కుటుంబాలకి పోతోంది. ఒక్క ఇంటికే ఈ నెలలో పన్నెండు కిలోల పిండి, నాలుగు డబ్బాల పాలపొడి, ఒక జత తొమ్మిదో నంబరు బూట్లు చేరాయి. ఆ ఇల్లు నాకు బాగా తెలుసు. వాళ్ళు ఎవరిముందూ చెయ్యి చాపే రకం కాదు.' కింద 'న్యాయం కోరే ఒకడు' అని సంతకం పెట్టాను. ఆ సంతకం నాకు బాగా నచ్చింది. ఇంకో కాగితం మీద మళ్ళీ పెట్టి చూసుకున్నాను.

పది రోజులకి పెద్దాఫీసు నుంచి వచ్చిన కాగితం పాస్టరుగారు చర్చిలో చదివి వినిపించారు. ఎవరో ఫిర్యాదు ఉత్తరం రాశారట. తనిఖీకి మనిషి వస్తున్నారు. పంపకం సరిగా లేదని తేలితే గది మూసేస్తారు. ఆ తరవాత సరుకు కావలసినవాళ్ళు పెద్దాఫీసు కిటికీ దగ్గర వరసలో నిలబడాలి. పేదవాళ్ళమని కాగితం చూపించాలి, పేరు పిలిచినప్పుడు వెళ్ళి తీసుకోవాలి.

ఆ మధ్యాహ్నం అమ్మ కూర వడ్డిస్తూ గరిటె ఎత్తి, "ఎవడ్రా ఆ ఉత్తరం రాసిన దరిద్రుడు? వాడి చేతులు పడిపోను!" అంది.

నేను తల వంచుకుని రొట్టె తిన్నాను. లోకంలో న్యాయం మాట్లాడేవాడికి తిట్లు తప్పవని పుస్తకంలో కూడా ఉంది.

తనిఖీ ఆవిడ ఆ పై ఆదివారం వచ్చింది. చక్రాల పెట్టె లాక్కుంటూ, కళ్ళద్దాలు సర్దుకుంటూ వచ్చి, చర్చి ముందు తలుపు తోసుకుని లోపల అడుగుపెట్టింది. పన్నెండేళ్ళ తుప్పు కుయ్యిమనలేదు. ఆవిడకి ఆ తలుపు సంగతి ఎవరూ చెప్పలేదు మరి. జనమంతా పాట ఆపి తలుపుకేసి చూశారు. అత్తయ్య మాత్రం పాటల పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

ఆరాధన అయ్యాక ఆవిడ గదిలో కుర్చీ వేసుకుని కూర్చుంది. జనం మామూలుగా వరస కట్టారు. మామూలుగా సంచులు అందుకున్నారు. నేనూ అందుకున్నాను. అందుకుని, తమాషా చూద్దామని గోడవారగా నిలబడ్డాను.

"మీరు సాయం పొందేవారాండీ?" అని అడిగింది ఆవిడ డాక్టరుగారిని.

"కాదండీ. ఈవిడ మోకాలు చూసేవాణ్ణి."

"మరి ఈ సంచి?"

"పట్టుకోకపోతే తలుపు తియ్యదండీ."

ఆవిడ అత్తయ్యకేసి తిరిగింది. "ఒకసారి విప్పి చూపిస్తారా?"

అత్తయ్య రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది. "ఈ గదిలో సంచి విప్పడం లేదమ్మా. కావాలంటే గదికి తాళం వేసుకుని పొండి. ముడి మాత్రం విప్పనివ్వను."

నేనిక ఆగలేకపోయాను. "దాపరికం దేనికి అత్తయ్యా? డాక్టరుగారి సంచిలో మూడు కిలోల పిండి ఉంది, నేను చూపిస్తాను!" అని ముందుకురికి, డాక్టరుగారి చేతిలోంచి సంచి లాక్కుని, పళ్ళతో ముడి విప్పి బల్లమీద బోర్లించాను.

మూడు సాసర్లు పడ్డాయి. వాటి వెనక మెల్లగా ఒంటిచెవి కుక్క దొర్లుకుంటూ వచ్చి నాకేసి చూస్తూ ఆగింది.

"ఇదేంటి?" అన్నాను.

"మళ్ళీ వచ్చిందా!" అన్నారు డాక్టరుగారు.

"పిండేది?"

"నాకెందుకిస్తుందయ్యా పిండి?"

నేను నమ్మలేదు. హెడ్మాస్టరుగారి సంచి లాక్కున్నాను. మూతలు. బేకరీ ఆయనది లాక్కున్నాను. ముళ్ళు లేని గోడగడియారం. అది పడీ పడగానే టిక్కుమంది. "పాలపొడేది? సబ్బులేవి?" అని అరుస్తున్నాను. బేకరీ ఆయన వెనక లాండ్రీ అక్క నిలబడి ఉంది. తన సంచిని రెండు చేతులతో పొట్టకి అదుముకుని, కళ్ళు నేలకేసి పెట్టింది. చెయ్యి చాపబోయి ఆగిపోయాను. అప్పుడు తెలిసింది, నా ఎడమచేతిలో నా సంచి బరువు. అంతసేపూ దాన్ని వదలకుండానే ఎగిరాను. వేళ్ళలోకి తెర గుడ్డ కోసుకుపోతోంది.

డాక్టరుగారు నాకేసి చూడటం మానేసి కిటికీలోంచి బయటికి చూడసాగారు. హెడ్మాస్టరుగారికి హఠాత్తుగా కళ్ళజోడు తుడుచుకోవలసిన పని పడింది.

"నీ సంచిలో ఏముంది బాబూ?" అంది తనిఖీ ఆవిడ.

"మూతలండీ," అన్నాను. "మా ఇంటికెప్పుడూ మూతలే."

ఆవిడ లేచి వచ్చి, నా చేతిలోని సంచిని అడుగున చెయ్యిపెట్టి ఒక అంగుళం పైకెత్తి, మళ్ళీ వదిలేసింది.

"నిజమే. మూతలు బరువుగానే ఉంటాయి," అంది.

పోయి కుర్చీలో కూర్చుని చాలాసేపు రాసింది. తరవాత తల ఎత్తకుండానే, "ముందు తలుపు గడియకి నూనె బాగా పెడుతున్నారు," అంది.

"అది తుప్పు పట్టిందమ్మా," అంది అత్తయ్య.

"అవునవును." ఆవిడ ఇంకో వాక్యం రాసింది. "తుప్పు పట్టింది. బాగు చెయ్యక్కర్లేదు."

నాకు దీనికీ కోపం వచ్చింది. బయటివాళ్ళకి మన సంగతులేం తెలుస్తాయి అని మా వీధిలో అందరూ అంటుంటారు. ఈవిడ ఎక్కణ్ణించో చక్రాల పెట్టెతో వచ్చి, ఒక్క పూటలో తెలుసుకుని పోతోంది. ఇక్కడే పుట్టి, ఇరవై రెండేళ్ళు ఇక్కడే పెరిగి, వారంవారం సంచి మోసినవాణ్ణి, నాకేమో ఒక పుస్తకం కావలసొచ్చింది.

ఆవిడ బయల్దేరుతుంటే అత్తయ్య తలుపుకి అడ్డం నిలబడింది.

"నేను తనిఖీకి వచ్చానండీ," అంది ఆవిడ.

"అందుకే. పట్టుకోండి."

కుక్కని మళ్ళీ సంచిలో వేసి, మూడు ముళ్ళూ వేసి ఇచ్చింది. చక్రాల పెట్టె ఒక చేతా, సంచి ఒక చేతా పట్టుకుని ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా చూశాం.

అందరూ వెళ్ళాక నేను కుర్చీలు సర్దుతున్నట్టు నటిస్తూ ఉండిపోయాను.

"చెప్పరా న్యాయం కోరే ఒకడా," అంది అత్తయ్య.

నా చేతిలోని కుర్చీ కాలి మీద పడింది. "నీకెలా తెలుసు?"

"పాస్టరుగారికి ఉత్తరం నకలు పంపారు. తొమ్మిదో నంబరు బూట్లు అని రాశావు. నేను బూట్లిచ్చింది ఒక్క ఇంటికేరా. ఫిర్యాదు చేసేవాడివి, పక్కింట్లో ఏముందో కూడా కనుక్కుని రాయాలి. నీ పుస్తకాల్లో అదైనా చెప్పలేదూ?"

"తెలిసి కూడా ఇవాళ నాకు సంచి ఇచ్చావా?"

"తలకాయ లేదని తిండి మానిపిస్తారట్రా? పో, అమ్మ ఎదురుచూస్తుంటుంది. మీ నాన్నకి మాత్రం ఏమీ వాగకు. డాక్టరుకి ఇవాళ కూడా పిండి ఇచ్చానని చెప్పు."

చెప్పాను. నాన్న డాక్టరుగారిని తిట్టుకుంటూ నాలుగు రొట్టెలు తిన్నాడు.

రెండు నెలలకి పెద్దాఫీసు నుంచి అత్తయ్య పేర పార్సిల్ వచ్చింది. వార్తాపత్రికలో చుట్టిన కుక్క. చీటీ కూడా ఏం లేదు. ఆ వారంలోనే పాల లారీల షెడ్డులో నాన్నకి పని దొరికింది. ఆ ఆదివారం నా చేతికి వచ్చిన సంచి తేలిగ్గా ఉంది. దారంతా ఊపుకుంటూ వచ్చాను.

అమ్మ ముళ్ళు విప్పి లోపలికి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "వచ్చావా తల్లీ!"

"పాత పేపరేదీ? చుట్టి రేపు డబ్బాలో పడేస్తాను," అన్నాను.

"ఇలా తే," అన్నాడు నాన్న. కుక్కని అందుకుని, చొక్కా అంచుతో దుమ్ము తుడిచి, కిటికీ దగ్గరికి పోయి, వీధికేసి మొహం పెట్టి నిలబెట్టాడు. విరిగిన చెవి కనబడకుండా కొంచెం పక్కకి తిప్పాడు. తొమ్మిదో నంబరు బూట్లు కిర్రుమంటుండగా రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు.

"అక్కడెందుకు నాన్నా?"

"వీధిలోవాళ్ళకి కనబడొద్దూ?" అన్నాడు. "ఒక వారం ఉండనీ. తరవాత ఇచ్చేద్దాం. మీ అత్తయ్యకి దీంతో పనుంటుంది."

నేను అమ్మకేసి చూశాను. అమ్మ నాకేసి చూడలేదు. అంటే ఈ వీధిలో ఏమీ తెలియనివాణ్ణి నేనొక్కణ్ణేనన్నమాట.