పళ్ళు లేని కోడె

ఆ రోజుల్లో డిగ్రీ చేతికి రాగానే లోకమంతా అర్థమైపోయిందనే ధీమా ఒకటి ఉండేది. ఎమ్మెస్సీ ఫిజిక్స్ పూర్తిచేసి జగ్గయ్యపేటలో ఇంటిపట్టున కూర్చున్న నా దగ్గర ఆ ధీమా తప్ప ఇంకేమీ లేదు. రెండు కాలేజీలవాళ్ళు "కబురు చేస్తాం" అని ఊరుకున్నారు. నందిగామలో మూడో ఇంటర్వ్యూ కూడా పోతే వత్సవాయిలో మావయ్య ఎరువుల కొట్లో కూర్చోవాల్సిందేనని నాన్న తేల్చేశారు. (యూరియా వాసనకి నాకు తుమ్ములు ఆగవు. అదీ ఒక కారణమేనని ఆయన ఒప్పుకోలేదు.)

ఆ ఇంటర్వ్యూలో పెట్టిన డెమో క్లాసులో పిల్లల్ని ఆకట్టుకోవాలని నేల మీద వేగం రికార్డుల పాఠం ఎంచుకుని, జెట్ కార్ల గురించి ఊదరగొట్టాను. కాలేజీ యజమాని, అందరూ పెద్దాయన అని పిలిచే రైతు, వెనక కూర్చుని వింటున్నారు. ఇంతలో ముందు వరసలో ఒకమ్మాయి లేచి, "సార్, జెట్ కారే అన్నిటికన్నా ఫాస్ట్ కదండీ, మిగతావాటికి మళ్ళీ రికార్డులెందుకండి?" అంది. "అదీ... కేటగిరీలమ్మా..." అని నీళ్ళు నమిలాను. చదివింది ఒక్క ముక్క గుర్తురాలేదు. ఎరువుల కొట్టు కళ్ళముందు కనపడింది.

పెద్దాయనే అందుకున్నారు. "ఎడ్ల బండలాగుడు పందేల్లో పాలపళ్ళ జతని ఆరుపళ్ళ జతతో కలిపి దింపుతామా అమ్మాయ్? పళ్ళు చూసి వయసు కట్టి విడగొట్టమూ? ఇదీ అంతేగా అబ్బాయ్?"

నాకు ప్రాణం లేచొచ్చింది. "అంతేనండి" అంటూ సుద్దముక్క అందుకున్నాను. ఇంజను చక్రాల్ని తిప్పితే ఒక తరగతి, జెట్ లాగా వెనక్కి గాలి చిమ్మి దూసుకుపోతే ఇంకో తరగతి, చక్రాలు తిప్పేవాటిలో మళ్ళీ ఇంజను సైజుని బట్టి గుంపులు, మోటార్ సైకిళ్ళ లెక్క పూర్తిగా వేరు అని బోర్డంతా నింపేశాను. గాలివాటం కలిసిరాకుండా గంటలోపు అటొకసారి ఇటొకసారి నడిపించి సగటు తీస్తారని చెబితే, "మా ఎడ్లూ బండని అటూ ఇటూ లాగాల్సిందే" అని ఆయన మురిసిపోయారు.

అంతటితో ఆగితే బాగుండేది. క్లాసు అవగానే నన్ను కాలేజీ వెనకే ఉన్న తన పశువుల కొట్టానికి తీసుకెళ్ళి, ఒక కోడె మూతి పట్టి తెరిచి, "ఇది ఏ కేటగిరీయో చెప్పు" అన్నారు. నేను మేష్టారి హోదాలో వంగి పైదవడ పరీక్షగా చూశాను. నున్నగా ఉంది. "పళ్ళన్నీ ఊడిపోయాయండి. బాగా ముసలిది, రిటైర్ చేసేయండి" అన్నాను.

పాలేరు నవ్వాపుకోలేక గడ్డిమోపు కింద పడేశాడు. (పశువులకి పైన ముందుపళ్ళు పుట్టుకతోనే ఉండవట. కింది దవడ చూడాలట. ఆ కోడేమో పాలపళ్ళ పందేనికి ఆయన కన్నబిడ్డలా పెంచుకుంటున్నది.) ఇక మావయ్య దగ్గరికే అనుకుంటూ చెప్పులు వెతుక్కున్నాను.

"ఎక్కడికి పోతున్నావ్? సోమవారం నుంచి క్లాసులకి రా" అన్నారు పెద్దాయన.

"తప్పు చెప్పా కదండీ" అని గొణిగాను.

"కనపడింది కనపడ్డట్టు చెప్పావుగా. నువ్వింకా పాలపళ్ళోడివయ్యా. ఇరవయ్యేళ్ళు పాఠాలు చెప్పినోళ్ళ పక్కన నిన్ను నిలబెట్టి కొలిస్తే తప్పు నాదవుద్ది."

ఆయన పోయి చాలా కాలమైంది. ఇప్పుడు ఆ కాలేజీలో డెమో క్లాసులు వినేది నేనే. మొన్న ఉద్యోగానికొచ్చిన ఒకమ్మాయి మధ్యలో పాఠం మర్చిపోయి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, "మంచినీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టమ్మా" అన్నాను. వెళ్తూ వెళ్తూ థాంక్స్ చెప్పింది. నిజానికి ఆ మాట అందుకోవాల్సింది పెద్దాయన. ఉద్యోగం ఇచ్చినందుకు ఆయనకి దండం పెట్టాను గానీ, నన్ను నా ఈడువాళ్ళ వరసలో నిలబెట్టి చూసినందుకు ఏనాడూ నోరు తెరిచి చెప్పలేదు. తెరిచి ఉంటే, ముందు కింది దవడ చూసేవారేమో.