భుజం బిగిసిన ఏడాది, నా జడ

ఆ ఉదయం నా జడ నేనే వేసుకున్నాను. కుడి చెయ్యి మెడ వెనక్కి వెళ్లి, పాయలు విడదీసి, అల్లిక మొదలుపెట్టింది. మా ఆయన దువ్వెన పట్టుకుని నిలబడి చూస్తున్నారు.

"అయితే నా ఉద్యోగం పోయినట్టేనా?" అన్నారు. నీటిపారుదల శాఖ నుంచి రిటైరయ్యాక ఆయనకు దొరికిన ఉద్యోగం నా జడ వెయ్యడమొక్కటే.

అంతకు ఏడాది ముందు ఆ చెయ్యి భుజం ఎత్తు దాటడం మానేసింది. ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, కీలు బిగుసుకుందనీ, వ్యాయామం చేస్తూ ఓపిక పట్టాలనీ చెప్పారు. వ్యాయామం చేశాను. ఓపికే చాలలేదు. పత్రిక డెస్కులో బతుకంతా గడిపినదాన్ని, ఏ పనికైనా గడువు లేకపోతే నాకు తోచదు. దసరాలోపు చెయ్యి లేవకపోతే నడుం దాకా ఉన్న జుట్టు మెడ దాకా కత్తిరించేస్తానని ఇంట్లో ప్రకటించాను.

"మూడు పాయలే కదా, నేను వేస్తాను. కత్తెర జోలికి పోకు" అన్నారాయన.

వేశారు. సాయంత్రం ప్రగతి నగర్ చెరువు పక్కన నడుస్తుంటే ఎదురింటావిడ పట్టేసింది.

"ఏందక్కా, జడ గట్ల పక్కకు వోయింది? బావ ఏసిండా?"

"చెరువు గట్టే తిన్నగా లేదు, జడ తిన్నగా ఉండాలా అమ్మా?" అన్నారు మా ఆయన.

ఆవిడ నవ్వి, మర్నాడు వాము, వెల్లుల్లి వేసి కాచిన నువ్వుల నూనె సీసా తెచ్చిచ్చింది.

మందుల్లేకుండా చేతులతోనే చేసే ఆస్టియోపతి గురించి పాత సహోద్యోగి ఒకామె చెప్పింది. గచ్చిబౌలిలో క్లినిక్. బయట కూర్చున్నవాళ్లలో సగంమంది మెడలో ఆఫీసు కార్డులు. వాళ్ల బాధ కూడా ఆ మెడలే. కీళ్లు ఠక్కున విరిచేస్తారేమోనని పళ్లు బిగించి పడుకున్నాను. వైద్యురాలు మా అమ్మాయి వయసుది. భుజం ముట్టనే లేదు. పక్కటెముకల కింద అరచెయ్యి ఆనించి, "ఊపిరి వదలండి ఆంటీ" అని అలాగే ఉండిపోయింది.

మూలన కుర్చీలోంచి మా ఆయన, "ఎప్పుడు మొదలుపెడతావమ్మా?" అన్నారు.

"మొదలుపెట్టి చాలాసేపైందంకుల్."

తగ్గుతుందా అని నిలదీశాను. "ఇది చాలామందికి మెల్లగా దానంతటదే వదులుతుంది ఆంటీ. ఎప్పుడో నేను చెప్పలేను. ఈలోగా చుట్టుపక్కల బిగువు తగ్గిస్తే మీకు కాస్త సులువవుతుంది" అంది. ఇంత తక్కువ హామీ ఇచ్చిన మనిషిని పత్రికలో పనిచేసినన్నాళ్లూ నేను చూడలేదు. అందుకే మళ్లీ వెళ్లాను.

మొదట ఆ పక్కకి తిరిగి పడుకోగలిగాను. తర్వాత పై అరలోని పోపుల డబ్బా అందింది. ఇంట్లో జడ పని కూడా సాగుతూనే ఉంది. ఆయనకు మూడు పాయలు ఒకేసారి పట్టడం రాదు. "ఇది నువ్వు పట్టుకో" అని ఒకటి నా కుడి చేతికిచ్చేవారు. మొదట్లో దాన్ని చెంప దగ్గరే పట్టుకునేదాన్ని. రానురాను చెవి దగ్గరికి, చెవి వెనక్కి వెళ్లింది. నేను గమనించనే లేదు. ఆ ఉదయం ఆయన స్నానం ముగించుకుని వచ్చేలోగా చెయ్యి దానంతటదే మెడ వెనక్కి చేరింది.

దసరా వచ్చింది, జుట్టు మిగిలింది.

"నా నూనె పనిచేసింది సూడు" అంటుంది ఎదురింటావిడ. పాయ పట్టించి చెయ్యి లేపింది తానే అంటారు మా ఆయన. "మీ ఊపిరి బాగా మారింది ఆంటీ" అని మాత్రమే అంది వైద్యురాలు. ఎముకల డాక్టరు ఓపిక అన్నారు. వార్తయితే ఎవరి పేరుతో శీర్షిక పెట్టాలో నాకిప్పటికీ తెలియదు.

నడుం వెనక్కి మాత్రం ఆ చెయ్యి ఇంకా వెళ్లదు. చీర కొంగు వెనకనుంచి ముందుకు తెచ్చి దోపుకోవాలంటే ఇవాళ్టికీ ఆయన్నే పిలవాలి.