కంచె మీద కట్టిన ఏరియల్

రిటైరయ్యాక నరసరావుపేటలో అద్దె ఇల్లు ఖాళీ చేసి, ఈపూరు దగ్గర కట్టుకున్న సొంత ఇంట్లోకి మారాం. మేమంటే నేనూ మా ఆవిడా. నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పిన వాణ్ణి. పాఠాల కంటే నాకు రేడియో మీద ధ్యాస ఎక్కువ. పాటలొచ్చే రేడియో కాదు. లైసెన్సు తీసుకుని, ఎవరింట్లో వాళ్లు సెట్టు పెట్టుకుని, ఊళ్లు దాటి ఒకరితో ఒకరు కబుర్లు చెప్పుకునే రేడియో. హామ్ రేడియో అంటారు. ఫోన్ ఉండగా ఈ తిక్కేంటని అడిగినవాళ్లకి ఇప్పటిదాకా సరైన జవాబు చెప్పలేకపోయాను. బజార్లో చేపలు దొరుకుతుంటే గాలం పట్టుకుని గట్టున కూర్చునేవాణ్ణి అడగండి, వాడేం చెబుతాడో నాదీ అదే.

మాట్లాడే సెట్టు అట్టపెట్టెలోనే ఉండిపోయింది. దానికి డాబా మీద స్తంభం లేపాలి, పట్టుకోవడానికి మనుషులు కావాలి. వినే సెట్టు మాత్రం వచ్చిన రోజే కిటికీ పక్కన బల్ల మీద పెట్టేశాను. దానికి ఏరియల్ అంటే పొడవాటి తీగ, అంతే. పేటలో చోటు లేక పొట్టి తీగతోనే నెట్టుకొచ్చాను. ఇక్కడ చోటుకేం తక్కువ? పెరడు దాటితే పత్తిచేలు. మేకలూ పందులూ చొరబడకుండా, ఇల్లు కట్టేటప్పుడే పెరటి చుట్టూ రాతి కడీలు పాతించి, ఇనుప జాలీ బిగించాం. మా పల్నాట్లో కంచెకి కర్రల కోసం ఎవరూ వెతుక్కోరు. మనిషెత్తు రాళ్లు ట్రాక్టరు మీద తెచ్చి వరుసగా పాతేస్తారు. ఆ రాళ్ల వరుస చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఏరియల్‌కి ఆధారం ఎవరో ముందే పాతిపెట్టి ఉంచినట్టే కదా అనుకున్నాను. జాలీకి జానెడు పైన, కడీల తలల మీదుగా, ఈ మూల నుంచి ఆ మూల దాకా ప్లాస్టిక్ తొడుగున్న రాగితీగ లాగి, ఒక కొస కిటికీలోంచి సెట్టుకి కలిపాను. పేటలో ఉన్నదానికి ఇది మూడింతల పొడుగు. చేతులు దులుపుకుంటూ కాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాను.

మర్నాడు పొద్దున్నే హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను. రోజూ ఆ వేళకి, మళ్లీ సాయంత్రం ఒకసారి, ఒక పెద్దాయన గాలిలోకి వస్తాడు. కృష్ణ అవతల, నల్లగొండ వైపు మనిషి. "అందరు మంచిగున్నరా?" అని మొదలుపెట్టి, వాళ్ల ఊళ్లో వాన పడిందో లేదో, బత్తాయి తోటలు ఎట్లా ఉన్నాయో చెబుతాడు. ఆయన్ని నేను ఎన్నడూ చూడలేదు. అయినా ఆయన గొంతు వినకుండా కాఫీ తాగితే తాగినట్టు ఉండదు. ఆ రోజు ఆ గొంతు ఎక్కడో బావిలోంచి వస్తోంది. సగం మాటలు అందలేదు. గాలి వీచినప్పుడల్లా చిటపట ఒకటి. ఆశ్చర్యమేమిటంటే, మిగతావాళ్లంతా "చాలా గట్టిగా వినిపిస్తున్నారండీ" అని ఆయనకి బదులిస్తున్నారు. ఒంగోలు ఆయనకీ గట్టిగానే వినిపిస్తోంది, హైదరాబాదు ఆయనకీ గట్టిగానే వినిపిస్తోంది. నాకే వినిపించడం లేదు.

సెట్టు పాతదే, మంచిది. తీగ మునుపటికంటే పొడుగు. ఇక లోపం ఎక్కడుంది? చెవుల్లోనే ఉంది.

ఈ మాట అంత తేలిగ్గా అనుకోలేదు. మా అమ్మకి చివరి రోజుల్లో చెవులు పోయాయి. మొదట్లో అందరం గట్టిగా అరిచి చెప్పేవాళ్లం. తర్వాత అవసరమైనవే చెప్పేవాళ్లం. అన్నం తిన్నావా, మాత్ర వేసుకున్నావా, అంతవరకే. కబుర్లు ఎవరూ చెప్పలేదు. ఇంటినిండా జనం మాట్లాడుకుంటుంటే ఆమె వాళ్ల పెదాలు చూస్తూ, అందరూ నవ్వినప్పుడు తానూ నవ్వేది. ఆ నవ్వు నాకు బాగా గుర్తు. నాకూ అదే రాసిపెట్టి ఉందని భయపడ్డాను. చచ్చేంత భయపడ్డాను.

ఒకసారి భయం పట్టుకున్నాక ప్రతిదీ దానికి సాక్ష్యమే. కొత్త ఇంటి హాలు పెద్దది, గోడలు బోసి, టీవీ మాటలు ఒకదానిమీద ఒకటి పడి గింగురుమంటాయి. అది గోడల తప్పని తోచలేదు, సౌండు పెంచుతూ పోయాను. మా ఆవిడ వంటింట్లోంచి పిలిస్తే, హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉండి పలకలేదు. నిజానికి పేటలోనూ పలికింది లేదు. "ఏవండీ, పిలిస్తే పలకరేంది, మీకు చెవుడా?" అన్నది మా పెళ్లయిన దగ్గర్నుంచీ ఆమె మాటే. ఇన్నాళ్లూ నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు అంటే మాత్రం నవ్వు రాలేదు.

ఆవిడ తెలివైంది. నా మొహం చూసి ఆ మాట అనడం మానేసింది. దాని బదులు గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టింది. "కాఫీ ఇమ్మంటారా?" అన్నది వీధి చివరి దాకా వినపడేది. పక్కింటాయన మోటార్లు వైండింగ్ చేసే మెకానిక్ భాయ్. ఒకరోజు ఆయన కంచె దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఏంది మాస్టారూ, అమ్మగారు చానా కోపంగా ఉన్నట్టున్నారే? పొద్దున్నుంచీ ఒకటే కేకలు."

"అదేం లేదు భాయ్, పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడుగుతోంది" అన్నాను. ఆయన నమ్మినట్టు కనబడలేదు.

పేటలో చెవుల డాక్టర్ని చూడాలని నాలో నేనే నిర్ణయించుకున్నాను. సోమవారం వెళ్దామనుకుని, మా ఆవిడకి మాత్రం పెన్షన్ పని అని చెప్పాను. ఆమె "అట్నే" అని కేక పెట్టింది. చెవిలో పెట్టుకునే మిషన్లు ఎట్లా ఉంటాయో ఫోన్లో చూసి, వెంటనే దాన్ని కట్టేశాను. రేడియో దగ్గర కూర్చోవడం కూడా తగ్గిపోయింది. వినపడని దాని ముందు కూర్చుని ఏం చేస్తాం?

శనివారం కూరగాయలకి వినుకొండ వెళ్లి, ఎండ వాలాక ఇంటికొచ్చాను. సంచీ వంటింట్లో పెట్టి, ఎందుకో అలవాటు కొద్దీ వెళ్లి సెట్టు ఆన్ చేశాను. హెడ్‌ఫోన్లు ఇంకా సరిగ్గా చెవుల మీదికి రాకముందే ఒక గొంతు ఖంగుమంది.

"అందరు మంచిగున్నరా? మా తాన పొద్దున కొంచెం జల్లు వడ్డది."

ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని మాట్లాడుతున్నట్టుంది. గబుక్కున హెడ్‌ఫోన్లు తీసేశాను. మళ్లీ పెట్టుకున్నాను. ఆయన తన బత్తాయిల గురించి చెబుతున్నాడు. కాయ రాలిపోతోందట. ఆ రాలిపోయే కాయల సంగతి ఒక్క అక్షరం పొల్లుపోకుండా వింటుంటే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. బీదవాడికి పెళ్లి భోజనం దొరికినట్టు ఆ నష్టాల కబురంతా విన్నాను. ఒకవేళ చెవులు వాటంతటవే బాగయ్యాయేమోనని కూడా అనిపించింది, ఫిజిక్స్ చెప్పిన నోటితో చెప్పడానికి సిగ్గుగా ఉన్నా.

అప్పుడు కిటికీలోంచి వచ్చే తీగ వైపు చూశాను. అది ఎప్పుడూ కుడివైపు కంచెకి తిరిగేది. ఇప్పుడు తిన్నగా పెరట్లోకి పోతోంది. బయటికి పరుగెత్తాను.

పెరటి మధ్యలో నా ఏరియల్ మీద మా ఆవిడ చీరలు, దుప్పట్లు, నా బనియన్లు నీళ్లోడుతూ వరుసగా ఆరుతున్నాయి. కంచె మీంచి తీగ మొత్తం ఊడదీసి, అవతలి మూల వేపచెట్టు కొమ్మకి గట్టిగా లాగి కట్టింది. బరువుకి నడుమ కిందికి జారకుండా పొడుగాటి పంగల కర్ర ఒకటి నిలబెట్టి పైకెత్తింది. అచ్చమైన దండెం.

"ఏమే! ఏం చేశావే ఇది?"

"జాలీ మీద ఆరేస్తే తుప్పు మరకలు పడతన్నయ్యండీ!" అని ఆమె అలవాటుగా కేకేసింది. "తెల్ల దుప్పటి పాడయిపోయింది. ఆ తీగ కంచె మీద ఊరికే పడుంది గదా, దానికేమన్నా వంద మేకులు కొట్టారా, ఏంది? స్టూలేసుకుని ఇప్పేశా!"

నాకు వెంటనే అర్థమైంది. అర్థమయ్యాక నామీద నాకే ఒళ్లు మండింది. ఆ ఇనుప జాలీ నేలకి ఆనుకుని ఉంటుంది. దాని నెత్తిన జానెడు ఎత్తులో, దానికి సమాంతరంగా తీగ కడితే, రావలసిన సంకేతాన్ని ఇనుము నేలకి దిగలాగేస్తుంది. పైగా జాలీ ముడుల్లో తుప్పు. గాలికి అవి ఒరుసుకున్నప్పుడల్లా చిటపట. ఇది నేనే పిల్లలకి బోర్డు మీద గీసి చెప్పదగ్గ సంగతి. ఉచితంగా దొరికిన రాళ్లని చూసి ఆశపడి, పక్కనున్న ఇనుముని చూడలేదు.

అయినా నమ్మకం చాలలేదు. చీరలన్నీ లాగి ఆమె చేతుల్లో పడేశాను. తీగని తీసుకెళ్లి మళ్లీ కడీల మీద వేశాను. లోపలికి పరుగెత్తి విన్నాను. గొంతు బావిలోకి పోయింది. బయటికొచ్చి వేపకొమ్మకి కట్టాను. లోపలికెళ్లాను. గొంతు కుర్చీలోకి వచ్చింది. మళ్లీ కంచెకి, మళ్లీ చెట్టుకి. తడి బట్టల మోపుతో మా ఆవిడ నట్టనడి పెరట్లో నిలబడి నా వంకే చూస్తోంది. చెవులతోపాటు ఇంకేదో కూడా పోయిందని అనుకుందో ఏమో. మెకానిక్ భాయ్ కూడా అవతల నిలబడి చూసి, మర్యాదగా లోపలికెళ్లిపోయాడు.

"నా చెవులు బాగున్నాయే!" అన్నాను రొప్పుతూ. "కంచే! ఇదంతా కంచె చేసిన పనే! నాకేం కాలేదు!"

బట్టల మోపు అట్లాగే ఒళ్లో పెట్టుకుని ఆమె అరుగు మీద కూలబడింది. నవ్వుతుందనుకున్నాను. తడి చీర కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. నా బనియన్ల నీళ్లు ఆమె పాదాల మీదుగా కారుతున్నాయి. ఇద్దరికీ లేచి వాటిని ఆరేయాలని అనిపించలేదు.

కాసేపటికి నాకు పెదాలు కనపడకుండా అటు పక్కకి తిరిగి, చాలా చిన్నగా అడిగింది.

"నిజంగా వినపడతందా?"

"వినపడుతోంది."

"ఇది కూడానా?" అంది, ఇంకా తగ్గించి.

"అదీ వినపడింది."

ఇన్ని రోజుల తర్వాత ఆమె అసలు గొంతు వినడం అదే. 

"సోమవారం మీరెక్కడికి పోతన్నారో నాకు తెలుసు. పెన్షన్ పనికి మనిషి అట్టా దిగులుపడడు" అంది. ఒళ్లో మోపు పక్కన పెట్టి మళ్లీ అంది. "ఈ ఊరు రావటం నాకు ఇష్టం లేదండీ. అక్కడ చర్చి వాళ్లుండేవాళ్లు, మేడ మీద అక్క ఉండేది. ఇక్కడ మీరు తప్ప నాకెవరున్నారు? వచ్చిన కాణ్ణుంచీ చెబుదామనే చూస్తన్నా. వీధంతా వినపడేట్టు అరిచి చెప్పే మాటలా అవి?"

లోపల హెడ్‌ఫోన్లలోంచి పెద్దాయన గొంతు సన్నగా వస్తూనే ఉంది. లేచి వెళ్లి సెట్టు కట్టేసి వచ్చి, ఆమెకి ఇంకాస్త దగ్గరగా కూర్చున్నాను.

"చెప్పు" అన్నాను. పక్కింటికి వినపడనంత చిన్న గొంతుతో ఆమె చెప్పడం మొదలుపెట్టింది.