రుచి చూడని జోడు బిస్కెట్లు

చారులో ఉప్పు సరిపోయిందో లేదో మూడుసార్లు అరచేతిలో వేసుకుని చూసుకునే మనిషి సువర్ణమ్మ. అలాంటిది, ఏడాదంతటికీ పెద్ద వంట మాత్రం నాలుక మీద పెట్టకుండానే చేస్తుంది. అది ఈస్టర్ పండక్కి చేసే జోడు బిస్కెట్ల వంట.

ఈస్టర్‌కి ముందు నలభై రోజుల ఉపవాసకాలం, శ్రమల దినాలు, మొదలయ్యాయంటే ఆవిడ తీపి ముట్టదు. టీ కూడా చప్పగానే తాగుతుంది. ఈస్టర్ నాడు తెల్లవారుజామున గుడిలో ఆరాధన ముగిసి, అందరూ "క్రీస్తు లేచెను" అని చేతులు కలుపుకున్నాకే మళ్ళీ తీపి. బిస్కెట్లు కాల్చేది ఆ ముందురోజు శనివారం. అంతకన్నా ముందు కాలిస్తే ఏప్రిల్ ఉక్కకి మెత్తబడతాయి, మధ్యలో పెట్టిన క్రీము జారిపోతుంది. అందుకని తనే పిండి కలిపి, తనే కాల్చి, తను మాత్రం రుచి చూడకుండా డబ్బాలకెత్తుతుంది.

ఈ పని ఆవిడకి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. మాకవరపాలెం నుంచి చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో చదువుకోడానికి వచ్చినప్పుడు, అక్కడి మేట్రన్‌గారు పండక్కి శొంఠి, దాల్చినచెక్క వేసి బిస్కెట్లు చేసేవారట. ఈవిడ పని గిన్నెలు తోమడం. తోముతూనే చూసింది. పెళ్ళయి నర్సీపట్నంలో కాపురం పెట్టాక, పొయ్యి మీద పెద్ద దాకలో ఇసుక పోసి, దాని మీద పళ్ళెం పెట్టి, మొదటిసారి కాల్చింది. అవి మాడాయి. రెండోసారి విరిగాయి. విరిగినవాటిని పారెయ్యబుద్ధి కాక, వెన్నలో పంచదార పొడి కలిపి రెండేసి అతికించింది. ఆవిడ బిస్కెట్లు జోడు బిస్కెట్లు అయింది అలాగ. తర్వాత అంగన్‌వాడీ టీచరుగా జీతం వచ్చింది, ఇంట్లోకి ఓవెన్ వచ్చింది, చెయ్యి కుదిరింది. గుడి సంఘంలో పిల్లలకి ఈస్టర్ అంటే ఈ బిస్కెట్టే అన్నంతగా అలవాటైపోయింది.

మరి రుచి చూసేదెవరు? ఆ పని పక్కింటి వర్ధనమ్మగారిది. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆవిడ తినాలనే సువర్ణమ్మ బిస్కెట్లలో గుడ్డు వెయ్యదు. మొదటి పళ్ళెం బయటికి రాగానే వర్ధనమ్మగారు వంటింటి గడప దగ్గర స్టూలేసుకుని కూర్చుంటారు. కొరుకుతారు, నములుతారు, పరీక్ష పేపరు దిద్దినట్టు కాసేపు ఆలోచిస్తారు. "యాలకులు ఇంకో రెండు." అంతే. సువర్ణమ్మ ఇంకో రెండు వేస్తుంది.

ఇంటాయన యేసురాజు చూడచ్చు కదా అంటే, ఆవిడ నవ్వుతుంది. "ఆయన ఆర్టీసీలో కండక్టరు. పాతికేళ్ళు బస్టాండు టీలు తాగిన నాలుక. గోడకేసిన సున్నం పెట్టినా బాగుందనే అంటారు."

అంత చక్కగా నడిచిన పద్ధతి కిందటేడు బెసికింది. ఆ ఏడు వర్ధనమ్మగారికి జలుబు. కొరికి "బాగానే ఉన్నాయి" అన్నారు. లవంగాలు ఎక్కువ వేయించడంతో బిస్కెట్లు చేదెక్కాయన్న సంగతి మర్నాడు గుడిలో తెలిసింది. పిల్లలు క్రీము నాకేసి, బిస్కెట్లని ప్రహరీగోడ మీద వరసగా పెట్టి పోయారు. కాకులు కూడా ఒకటి రెండు ముక్కలు చూసి వదిలేశాయని యేసురాజు ఇప్పటికీ చెప్పి నవ్విస్తాడు.

సువర్ణమ్మ నవ్వలేదు. ఈ ఏడు సంఘం మీటింగులో ప్రభుకుమార్ లేచాడు. ఫోన్ల షాపు కుర్రాడు, యూత్ సెక్రటరీ. ఎవరినీ నొప్పించే రకం కాదు. "పిన్నీ, పెద్దోరైపోనారు, ఇంత కష్టం దేనికి? బేకరీ నుంచి పేకెట్లు తెప్పించేద్దాం" అన్నాడు.

"కష్టమని నేను సెప్పేనా ప్రభూ?" అంది ఈవిడ. పాస్టరుగారు ఉలిక్కిపడి ప్రార్థన మొదలైందనుకుని కళ్ళు మూశారు. సభంతా నవ్వింది. నవ్వు ఆగేదాకా ఉండి సువర్ణమ్మ అంది: "ఈ ఏడు నేనే సేస్తాను. బాగోకపోతే మీరెవరూ సెప్పక్కర్లేదు. వచ్చే ఏడు నుంచి నేనే మానీస్తాను. మాటంటే మాటే."

ఆ మాట పెద్దదని ఆవిడకీ తెలుసు. ఉద్యోగం మానినప్పుడు ఆవిడ బాధపడలేదు. మోకాలు నొప్పని గుడి కోయిర్‌లో నిలబడి పాడడం మానినప్పుడూ పడలేదు. ఇది మానాలంటే మాత్రం, ఈస్టర్ ముందు శనివారం తను ఏం చెయ్యాలో ఆవిడకి తెలీదు.

అందుకని ఈసారి గట్టిగా పట్టుకుంది. లవంగాలు వేయించకుండా ఎండబెట్టింది. మిరియాలు పాతవి పక్కనపెట్టి, చింతపల్లి కొండల నుంచి సంతకొచ్చినవి కొత్తవి కొంది. శనివారం పొద్దున్నే మైదా, వెన్న, బెల్లం పొడి, మసాలాపొడి అన్నీ పెద్ద బేసిన్లో కలిపి చల్లబెట్టింది. మొదటి పళ్ళెం ఓవెన్లోంచి తీసింది. బిస్కెట్లు చక్కగా అంచు విరగకుండా, నల్లబెల్లం రంగులో వచ్చాయి. స్టూలు గడప దగ్గర వేసింది.

వర్ధనమ్మగారు వచ్చారు. కూర్చున్నారు. ప్లేటు చేతికందించగానే చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"అయ్యో సువర్ణమ్మా! నీకు చెప్పలేదు కదూ. ఏడు శనివారాల వ్రతం పట్టాను. ఇవాళ రాత్రి దీపం పెట్టేదాకా ఏమీ తినను, ఆ తర్వాతా పళ్ళే."

సువర్ణమ్మ ప్లేటు ఇంకా ముందుకి చాపింది. "ఏటండీ టీచరుగారూ! పట్టక పట్టక ఈ ఏడే పట్టేరా?"

"నా మోకాళ్ళు ఈ ఏడే పట్టుకున్నాయి మరి."

"ఒక్క ముక్క. సీమంత ముక్క."

"చీమంత తిన్నా వ్రతం పోయినట్టే. నువ్వు తినచ్చుగా?"

"రేపు తెల్లారిదాకా నేను తినకూడదు కదండీ!"

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. మధ్యలో బిస్కెట్లు పొగలు కక్కుతున్నాయి. వరండాలో పేపరు చదువుతున్న యేసురాజు లోపలికొచ్చి, ఒకటి తీసుకుని నోట్లో వేసుకుని, "బాగుంది" అన్నాడు. ఎవరూ ఆయన వైపు చూడలేదు.

"వీధిలో ఎవర్నైనా పిలవనా?" అన్నాడు.

"పిలవండి, పిలవండి. ఆళ్ళు నమిలి మింగేలోపు ప్రభుకుమార్ ఇంటికి కబురెళ్ళిపోద్ది. బేగి మూసుకోండి ఆ తలుపు."

వర్ధనమ్మగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "ఉండు, కంగారెందుకు? మా ఇంట్లో పులిహోర చేసి దేవుడికి పెట్టేముందు ఎప్పుడైనా రుచి చూశామా? ఎంగిలైపోదూ! అరచేతి కొలత, చూపు, చప్పుడు, వీటితోనే చెయ్యాలి. మా అత్తగారైతే వాసన కూడా పీల్చనిచ్చేవారు కాదు. దేవుడికంటే ముందు మనం ఆఘ్రాణించకూడదని."

"మరి ఇప్పుడెలగ?"

"ఇది మా దేవుడి నైవేద్యం కాదుగా. నేను వాసన చూస్తే తప్పులేదు. మీ దేవుడేమైనా అనుకుంటాడా?"

"మా దేవుడేటీ అనుకోడండి. ఆ సంఘం కమిటీవోళ్ళే అనుకుంటారు."

వర్ధనమ్మగారు ఒక బిస్కెట్టు తీసి చెవి దగ్గర పెట్టుకుని విరిచారు. టప్‌మంది. "కాలింది సరిగ్గానే." ముక్కు దగ్గర పెట్టుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. "చేదు వాసన లేదు. శొంఠి ఉంది. దాల్చినచెక్క ఉంది. యాలకులు..." ఇంకా దగ్గరగా పెట్టుకుని గట్టిగా పీల్చారు. అంతే, తుమ్మారు. ఆగి మళ్ళీ తుమ్మారు. వరసపెట్టి తుమ్ములు. కళ్ళంట నీళ్ళు.

"మిరియం!" అన్నారు పమిటతో కళ్ళు తుడుచుకుంటూ. "ఎంత వేశావు?"

"ఏటా ఏసినంతే."

"ఏటా వేసింది కొట్లో ఏడాది మూలిగిన మిరియం. ఇది నిన్నగాక మొన్న చెట్టు దిగింది. అంతే కొలత వేస్తే ఎలా?"

అప్పుడు సువర్ణమ్మ కూడా ఒకటి విరిచి వాసన చూసింది. తుమ్మింది. యేసురాజు మంచినీళ్ళ చెంబు ఖాళీ చేస్తున్నాడు, అదీ అప్పుడే కనిపించింది ఇద్దరికీ. "బాగుందన్నారు కదండీ?" అంది భార్య.

"బాగుంది. కారంగా బాగుంది."

బేసిన్ నిండా పిండి. అంతా ఆ మిరియం కలిపినదే. అందులో ఇంకొంచెం మైదా, వెన్న కలిపి పలచన చెయ్యచ్చు కదా అన్నారు వర్ధనమ్మగారు. సువర్ణమ్మ తల అడ్డంగా ఊపింది. ఇక్కడ మాత్రం టీచరుగారికి తెలీని సంగతి ఆవిడ చేతులకి తెలుసు. ఒకసారి కలిపి చల్లబెట్టిన పిండిని మళ్ళీ పిసికితే బిస్కెట్టు అవదు, చెక్కముక్క అవుతుంది. కొరికితే పన్ను ఊడుతుంది.

ఆవిడ ప్లేటులోంచి రెండు బిస్కెట్లు తీసింది. ఒక దాని మీద ఒకటి పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది.

"జోడే కదండీ ఇవి," అంది నెమ్మదిగా. "జోడులో రెండూ ఒక్కలాగే ఉండాలని ఎవడు సెప్పేడు?"

ఇంక ఆవిడ ఆగలేదు. ఇంకో గిన్నె తీసింది. మైదా, వెన్న, బెల్లం బదులు పంచదార పొడి, ఒక్క యాలకుల పొడి. మసాలా ఊసే లేదు. ఆ పిండి తెల్లగా, మెత్తగా వచ్చింది. యేసురాజుని కూర్చోబెట్టి గ్లాసుతో గుండ్రాలు కోయించింది. "వొంకర కొయ్యకండి, టిక్కెట్లు చింపినట్టు కాదిది," అని మధ్యమధ్యలో అదిలించింది. ఓవెన్లో ఒక పళ్ళెం నల్లవి, ఒక పళ్ళెం తెల్లవి. కిందిది కారం, పైది తీపి. మిగిలిపోయిన కారం పిండి ఫ్రిజ్‌లోకి వెళ్ళింది.

వర్ధనమ్మగారు తెల్లవాటిని కూడా విరిచి విని, వాసన చూసి, "వీటికి భయం లేదు" అని దీపం వేళకి ఇంటికి వెళ్ళారు. ఆ తర్వాత సువర్ణమ్మ నిమ్మతొక్క తురిమి క్రీములో కలిపి, జోళ్ళు అతికించి, డబ్బాలకెత్తింది. వేళ్ళకంటిన క్రీము కుళాయి కింద కడుక్కుంది.

తెల్లవారుజామున గుడి నిండిపోయింది. ఆరాధన అయ్యేసరికి తూర్పున ఎరుపు తేలింది. చేతులు కలుపుకోవడం అయ్యాక డబ్బాలు గుడి మెట్ల మీద తెరిచారు. ప్రభుకుమారే పంచడం మొదలెట్టాడు. సువర్ణమ్మ ఒక జోడు తీసుకుని, పక్కకెళ్ళి, కొరికింది. ముందు తీపి తగిలింది, నిమ్మ తగిలింది, తర్వాత గొంతులో కొండమిరియం వెచ్చగా దిగింది. ఆవిడ కళ్ళు మూసుకుని నమిలింది. ఎవరినీ ఏమీ అడగలేదు. నలభై రోజుల తర్వాత నాలుక అబద్ధం చెప్పదని ఆవిడ నమ్మకం.

కానీ ఒక సంగతి ఆవిడ మరిచిపోయింది. పిల్లలు జోడుని జోడుగా తినరు. మెలితిప్పి రెండు చేస్తారు, క్రీము నాకుతారు, అప్పుడు ఒక్కొక్కటీ తింటారు.

"అమ్మో, కారం!" అని ఎవరో అరిచారు. సువర్ణమ్మ చప్పున ఇటు తిరిగింది. ప్రహరీగోడ వైపు చూసింది.

గోడ మీద ఏమీ లేదు. గోడ దగ్గర బేరం నడుస్తోంది. "నల్లది నాకియ్యి, నా తెల్లది తీసుకో." "రెండు తెల్లవిస్తేనే నల్లది." నల్లది నీళ్ళు తాగకుండా తిన్నవాడు మొనగాడని పందెం మొదలైంది. పెద్దవాళ్ళు చాయ్ గ్లాసులు పట్టుకుని వచ్చి, పిల్లల చేతుల్లోంచి నల్లవి లాక్కుంటున్నారు. పాస్టరుగారు రెండోది తీసుకుంటూ, మొదటిది ఎవరికో ఇచ్చేశానని చెప్పారు.

ప్రభుకుమార్ ఖాళీ డబ్బా చంకన పెట్టుకుని వచ్చాడు. నుదుటి మీద చెమట, నోట్లో నల్లది.

"పిన్నీ, వచ్చే ఏడు..."

"ఏటి, వచ్చే ఏడు? బేకరీయా?"

"బేకరీవోడికి ఇలగ కుదరదు గానీ, నల్లవి ఇడిగా కొన్ని సేస్తారా అని."

"సూద్దాం," అంది సువర్ణమ్మ, ఆ సంగతి ఎప్పుడో తేలిపోయినట్టు. "ముందా డబ్బా కింద పెట్టు, నా చీరకి తగులుతోంది."

టీచరుగారి కోసం విడిగా దాచిన పొట్లం పట్టుకుని ఆవిడ తమ వీధిలోకి వచ్చేసరికి, వర్ధనమ్మగారు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. పలకరింపు కూడా లేకుండా పొట్లం విప్పారు. కొరికారు, నమిలారు, ఆలోచించారు.

"క్రీములో నిమ్మ కొంచెం తగ్గింది."

"నిన్న సెప్పలేకపోయేరా?"

"నిన్న నాకు క్రీము చూపించావా?" అంటూ ఇంకోటి తీసుకున్నారు.