కాక జేబులో ఫ్యూజు

మంగళవారం పొద్దున పాలు పొంగుతుండగా పక్కింట్లోంచి చిన్నమ్మ ఏడుపు వినిపించింది. పరుగెత్తి వెళ్ళేసరికి కాకను అప్పటికే కింద పడుకోబెట్టారు. ముందుగా నాకు గుర్తొచ్చింది ఆయన చొక్కా జేబులో ఉన్న మా ఫ్యూజు. చెప్పుకోవడానికి సిగ్గు, కానీ నిజం.

కాక బోధన్ వైపు చక్కెర ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌గా చేసి, కంఠేశ్వర్‌లో మా పక్కన ఇల్లు కట్టుకున్నాడు. ఏ పనికి దిగినా ముందు ఫ్యూజు పీకి జేబులో వేసుకునేవాడు. "స్విచ్చును నమ్మితె నా సోపతిగాని చెయ్యి పోయింది. ఫ్యూజు జేబుల ఉంటె పాణం జేబుల ఉన్నట్టె" అనేవాడు.

మీకు నవ్వు రావచ్చు, సముద్రం ముఖం చూడని ఊళ్ళో నాకు ఉప్పునీళ్ళ అక్వేరియం పిచ్చి పట్టింది. అందులో పెంచే పగడపు జీవికి వెలుగు కావాలన్నారని మొదటి రోజే లైటు పూర్తిగా పెంచేశాను. వారంలో సగం పగడం తెల్లగా పాలిపోయింది. కాక నెత్తి కొట్టుకున్నాడు. "బాలెంతను ఒక్కపారే ఎండల నిలవెడ్తరా బిడ్డా?" ఆయనే లైటు తగ్గించి, వారానికి కొంచెం పెంచమన్నాడు.

సోమవారం సాయంత్రం ఆ లైటు మిణుకుమంది. ఏమైందోనని నీళ్ళలో చెయ్యి పెట్టబోయాను.

"చెయ్యి తియ్యి" అన్నాడు కాక వెనక నుంచి. ఆయన గొంతు అంత మెల్లగా నేనెప్పుడూ వినలేదు.

తీగ వెంట ఉప్పునీళ్ళు జారి ప్లగ్గులోకి దిగుతున్నాయి. లైటు కోసమే తాను విడిగా బిగించిన ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. తీగను ప్లగ్గు కంటే కిందికి వేలాడేలా వంకీ తిప్పి కడితే నీళ్ళు అక్కడే రాలిపోతాయన్నాడు. కట్టబోతూ ఆగాడు. నుదుటి నిండా చెమట.

"పొద్దుగాల వచ్చి కడ్త."

"పగడం చచ్చిపోతది కాకా. ఫ్యూజు ఇచ్చిపో, నేనే కట్టుకుంట."

"నీకు ఆత్రం ఎక్కువ. కట్టినంకనె ఇస్త."

విసుక్కున్నాను. ఆయన గోడ పట్టుకుని మెట్లు దిగుతుంటే నేను పగడాన్నే చూస్తూ కూర్చున్నాను.

కాక పోయిన మూడో రోజు చిన్నమ్మ నన్ను పిలిచింది. "నీదేనా బిడ్డా గిది? అంగి జేబుల దొరికింది."

తెల్ల పింగాణీ ఫ్యూజు. ఇక దాచలేక ఆ చెమట సంగతి చెప్పేశాను. అప్పుడే ఆటో పిలవాల్సింది నేనని ఏడ్చాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "దవఖానకు పోదామని నేను గూడ మొత్తుకున్న. పొద్దుగాల మన పోరి లైటు తీగ కట్టాలె, అది అయినంక పోదామన్నడు."

ఇంటికొచ్చి ఫ్యూజు నా జేబులో వేసుకుని ముందు వంకీ కట్టాను. రెండుసార్లు లాగి చూశాను. ఆ తర్వాతే ఫ్యూజు పెట్టి, లైటు సన్నగా వెలిగించాను. పగడంలో పాలిపోని సగం కాసేపటికి విచ్చుకుంది. తీగ వెంట ఒక చుక్క జారుతూ వంకీ దాకా వచ్చి ఆగింది. చాలాసేపు అక్కడే వేలాడి, నేల మీద రాలింది.